రాఘవులు కుడి భుజం

మామిడికుదురు నుంచి కాలవ గట్టు పట్టుకుని పోతే, కొబ్బరితోటల మధ్యలో దింపు పని చేసేవాళ్ళ ఇళ్ళు ఒక పాతిక దాకా ఉంటాయి. దింపంటే చెట్టెక్కి కాయ కోసి కిందికి వెయ్యడం. రోజుకి నలభై, యాభై చెట్లు ఎక్కి దిగే మనుషులు వాళ్ళు. సాయంత్రమయ్యేసరికి పిక్కలు రాళ్ళయిపోతాయి, కత్తి పట్టిన చెయ్యి పైకి లేవదు. అందుకే ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ ఎంతో కొంత ఒళ్ళు రుద్దడం వచ్చు. అయితే మిగతావాళ్ళనీ సత్యవేణినీ ఒక గాటన కట్టకూడదు.

సత్యవేణి పుట్టిల్లు పి.గన్నవరం. నాన్న కూడా దింపు మనిషే. పదేళ్ళప్పటి నుంచే ఆయన పిక్కలు తొక్కేది. వాళ్ళమ్మ పక్కన కూర్చుని, నొప్పి ఉన్నచోట నొక్కకు, దాని పక్కన నొక్కు, అదే దారికొస్తుంది అని చెప్పేది. బడి ఏడో తరగతితో ఆగిపోయింది గానీ ఈ చదువు ఆగలేదు. పందొమ్మిదో ఏట రాఘవులుని చేసుకుని మామిడికుదురు వచ్చాక ఏడాది తిరక్కుండానే చెయ్యి మంచిదన్న పేరొచ్చేసింది. పగలు పీచు మిల్లులో పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎవరో ఒకరు భుజమో మెడో పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండేవారు. అత్తగారు వీరాయమ్మ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి ఇచ్చేది, కోడలు రుద్దేది. నీ చేతిలో ఏదో ఉందే అని రాఘవులు మురిసిపోయేవాడు. ఆవిడా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఇరవై ఏళ్ళలో తగ్గలేదని వెనక్కొచ్చిన మనిషి లేడు.

రాఘవులుకి నలభై ఆరేళ్ళు. సన్నగా, తాడు పేనినట్టు ఉండేవాడు. చెట్టు మీద నుంచే రోడ్డున పోయేవాళ్ళని పేరు పెట్టి పలకరించడం ఆయన సరదా. ఎవరింటి పెరట్లో ఏం ఆరేశారో, ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో పైనుంచి చూసి కిందున్న జట్టుకి వార్తలు చదివేవాడు. ఒక్కగానొక్క కూతురు దుర్గాభవాని కాకినాడలో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. దాని సంగతి ఎత్తితే మాత్రం వేళాకోళం మానేసి బుద్ధిమంతుడైపోయేవాడు.

చెట్టెక్కేవాడు కడుపునిండా తినడు. తింటే మొదటి చెట్టుకే ఆయాసం వస్తుంది, పొట్ట మానుకి ఆనితే తిన్నది పైకి తన్నుకొస్తుంది. తెల్లవారగట్ల ఒక టీ, టీతో ఒక నొప్పి బిళ్ళ, అంతే. పదింటికి గానీ అన్నం తినరు. బిళ్ళ వేసుకుంటే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, నాలుగు చెట్లు ఎక్కువ పడతాయి. పదేళ్ళుగా రాఘవులుకి అదే అలవాటు. ఆయన జట్టులో అందరిదీ అదే అలవాటు. పస్తు కడుపులో రోజూ పడే ఆ బిళ్ళ లోపల ఏం చేస్తోందో చూసినవాళ్ళెవరు?

కిందటి సంవత్సరం కాక ఆ ముందటి నవంబరులో, ఒక మంగళవారం, ఉదయం ఎనిమిదింటికి, తొమ్మిదో చెట్టు మీదుండగా రాఘవులుకి పొట్ట పైభాగంలో కత్తి దిగినట్టయింది. ఎలా దిగాడో ఆయనకే తెలీదు. కింద మానుకి ఆనుకుని వంగిపోయి కూర్చుంటే, జట్టులో ఉండే ప్రవీణ్ కుమార్ పరిగెత్తుకొచ్చాడు. ఏమైందంటే రాఘవులు కుడి భుజం చూపించాడు. పొట్ట కంటే భుజమే లాగేస్తోంది అప్పుడు. "నలభై ఆరొచ్చేయి గురూ, ఇంక పొట్టి చెట్లు చూసుకో" అన్నాడు ప్రవీణ్ కుమార్. అని, బండెక్కించుకుని తొమ్మిదింటికి ఇంటి దగ్గర దింపేసి, మళ్ళీ తోటకి వెళ్ళిపోయాడు.

సత్యవేణికి మాత్రం రాఘవులు రెండూ చెప్పాడు. పొట్టలో మంట, భుజంలో పోటు. ఆవిడ లెక్క ఆవిడకుంది. పస్తు కడుపు కాబట్టి పొట్టలో గ్యాసు. కత్తి విసిరే చెయ్యి కాబట్టి భుజం పట్టేసింది. ఇలాంటి భుజాలు వందల్లో చూసింది. వీరాయమ్మ నూనె కాచి తెచ్చింది. సత్యవేణి మిల్లుకి వెళ్ళడం మానేసి, మొగుణ్ణి చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి రుద్దడం మొదలెట్టింది. ఎక్కడ నొక్కినా నొప్పి దొరకలేదు. అదొక్కటే ఆవిడకి వింతగా తోచింది. పట్టేసిన భుజంలో ఉండ ఒకటి చేతికి తగులుతుంది. ఇక్కడ కండ మెత్తగా ఉంది, మనిషి మాత్రం మెలికలు తిరిగిపోతున్నాడు. ఇంకా లోపలుందేమో అనుకుని ఇంకా గట్టిగా రుద్దింది. పదయింది, పదకొండయింది, పన్నెండయింది. ఆటో పిలుద్దామా మావా అని ఒకసారి అడిగితే, నీ చెయ్యి ఉండగా ఆటో ఎందుకే అన్నాడు రాఘవులు.

రెండింటికి నొప్పి తగ్గింది.

అలా ఇలా తగ్గడం కాదు. మొహంలో ముడతలు విడిపోయాయి, కాళ్ళు చాపుకున్నాడు, మజ్జిగ అడిగి తాగాడు. "తగ్గిందే సత్తివేణీ" అన్నాడు. వేళ్ళు వాచిపోయి ఉన్నాయి ఆవిడకి. అయినా ఆ నిమిషంలో ఆవిడ పడ్డ సంతోషం ఇంకెవరితోనూ చెప్పుకునేది కాదు. మధ్యాహ్నం దుర్గ ఫోన్ చేసి, సోమవారం పరీక్ష బాగా రాశాననీ, రేపు ఇంకోటుందనీ చెప్పింది. నాన్నకివ్వమంటే, పడుకున్నాడులే, చదువుకో అంది సత్యవేణి. నొప్పి సంగతి ఎత్తనే లేదు. తగ్గిపోయినదాని గురించి చెప్పడం ఎందుకు?

సాయంత్రానికి పొట్ట కొంచెం ఉబ్బింది. గ్యాసేనని సోడా పట్టించారు. తెల్లారేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది, ఒళ్ళు చల్లబడి చెమటలు కారిపోతున్నాయి. ఆటోలో అమలాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి బుధవారం పదయింది. వెంటనే ఆపరేషను చేశారు. పొట్టలో కందిగింజంత చిల్లు పడిందనీ, దాన్ని మూసేశామనీ, కానీ విషం ఒళ్ళంతా పాకిపోయిందనీ చెప్పారు. దుర్గకి పరీక్ష రాసి బయటికొచ్చాక చెప్పారు. వచ్చేసరికి తండ్రి నోట్లో గొట్టం ఉంది, కళ్ళు మూతలు పడి ఉన్నాయి. శుక్రవారం పొద్దున్న పోయాడు.

అబద్ధం, ఆయన పోయిన మూడో రోజున పుట్టింది. పరామర్శకి వచ్చినవాళ్ళంతా ఒకటే అడిగేవారు, అంత నొప్పి పెట్టుకుని ఇంట్లో ఎందుకున్నాడండీ, వెంటనే ఎందుకు తీసుకెళ్ళలేదండీ అని. సత్యవేణి తల వంచుకుని కూర్చుంది. నోరు తెరిస్తే ఏమొస్తుందో ఆవిడకే భయం. అప్పుడు వీరాయమ్మ అందుకుంది. "మావోడు చెప్తే గదండీ. పొట్టలో నొప్పని ఎవరికీ చెప్పలేదండి. పిల్ల పరీక్షలు పాడైపోతాయని పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. భుజం నొప్పని బొంకేడండి."

కోడల్ని కాపాడ్డానికే అందో, నూనె కాచిన తన చేతిని దాచుకోడానికే అందో, చచ్చిపోయిన కొడుకుని కొంచెం పెద్దవాణ్ణి చేద్దామనే అందో. మూడూ ఉండచ్చు. ప్రవీణ్ కుమార్ కూడా అవునండీ, నాకూ భుజమనే చెప్పేడండీ అని తలూపాడు. ఇంకేం కావాలి? పెద్దకార్యం నాటికి ఊరంతా అదే మాట. దింపు జట్టువాళ్ళు తలా కొంచెం వేసుకుని రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్న రాఘవులు బొమ్మ, కింద 'కన్నకూతురి చదువు కోసం ప్రాణాన్నే పణంగా పెట్టిన త్యాగమూర్తి'. ఊళ్ళోకొచ్చే ప్రతి బస్సూ దాని ముందే ఆగేది.

దుర్గ దాని ముందు నిలబడి చదివింది. మిగిలిన పరీక్షలు రాయలేదు. హాస్టల్లో పెట్టె తెచ్చేసుకుంది. రాజోలులో బట్టల కొట్లో పనికి కుదిరింది. పొద్దున్న ఎనిమిదింటి బస్సుకి వెళ్ళి రాత్రి తిరిగొచ్చేది. ఆ పిల్ల పుస్తకం పట్టుకుంటే తండ్రి గొంతు పిసుకుతున్నట్టు ఉండేది కాబోలు, డిగ్రీ పుస్తకాలు కట్టకట్టి అటక మీద పడేసింది. ఒకరోజు సత్యవేణి నెమ్మదిగా, మళ్ళీ పరీక్షలకి కట్టమ్మా అంది. దుర్గ తింటున్న కంచంలోంచి చెయ్యి తీసేసింది.

"నా చదువు ఒక మనిషిని తినేసిందమ్మా. ఇంకా దానికేం పెట్టమంటావు?"

సత్యవేణికి ఆ క్షణాన చెప్పెయ్యాలనిపించింది. మీ నాన్న దాచలేదే, నాకు చెప్పాడే, నేనే ఆపాను. మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా మొగుణ్ణి పోగొట్టుకున్నాక మిగిలిన ఒక్క మనిషి. ఈ పిల్ల రేపట్నుంచి తనని ఏ కళ్ళతో చూస్తుంది? నీళ్ళు తాగి లేచిపోయింది. అలా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ ఏదో ఒకటి అడ్డమొచ్చింది. అడ్డమొచ్చింది భయమేనని ఆవిడకి తెలుసు. ఈలోగా ఎవరైనా భుజం పట్టుకుని గుమ్మంలోకొస్తే, చేతులు నొప్పండీ, మానేశానండీ అని పంపేసేది.

జూన్‌లో డాక్టర్ గాయత్రి వచ్చింది. అమలాపురంలో రాఘవులుకి ఆపరేషను చేసిన సర్జను ఆవిడే. సొంతూరు ఆలమూరు, నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టలో పేగులకీ జీర్ణాశయానికీ అత్యవసరంగా చేసే ఆపరేషన్ల మీద పరిశోధన చేస్తుంది, పెద్ద పత్రికల్లో వ్యాసాలు అచ్చయ్యాయి. అయిదేళ్ళ రికార్డులు తిరగేస్తే ఆవిడకో సంగతి కనపడింది. పొట్టకి చిల్లుపడి వచ్చినవాళ్ళలో నలభై ముగ్గురు దింపు పనివాళ్ళే. పస్తు కడుపున వేసుకునే నొప్పి బిళ్ళలే ఆ చిల్లు పెడుతున్నాయని తేలిగ్గానే తేలిపోయింది. తేలనిది ఇంకోటి. తక్కినవాళ్ళు నాలుగైదు గంటల్లో ఆసుపత్రికి వస్తుంటే, వీళ్ళలో సగం మంది ఒక రోజు గడిచాక వస్తున్నారు. ఎందుకు? అది తెలుసుకోడానికి ఇంటింటికీ తిరుగుతోంది.

అరుగు మీద కూర్చుని వీరాయమ్మ మళ్ళీ అదే కథ చెప్పింది. ఏడాది దాటకుండానే అది బాగా అరిగి నున్నగా తయారైంది. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంది. సత్యవేణి స్తంభానికి ఆనుకుని నిలబడి, తన కాళ్ళే చూసుకుంటోంది. వెళ్ళబోతూ చెప్పులేసుకుంటూ డాక్టరు ఆగింది.

"ఒక్క మాటండి. నేను చెప్తున్నానని ఏమనుకోకండి. పొట్టకి చిల్లుపడ్డ మొదటి గంటల్లో వచ్చే నొప్పిని ఎవరూ దాచలేరండి. ఎంత మొండివాడైనా."

వీరాయమ్మ తమలపాకుల సంచి వెతుక్కోవడంలో మునిగిపోయింది.

వారం రోజులు సత్యవేణికి అన్నం సయించలేదు. ఎనిమిదో రోజున మిల్లుకని బయల్దేరి అమలాపురం బస్సెక్కింది. డాక్టర్ని కలవాలంటే ఎవర్నడగాలో తెలీదు. ఆసుపత్రిలో అందరూ నిలబడ్డ వరసలోనే నిలబడి చీటీ రాయించుకుంది. రెండు గంటలు బల్ల మీద కూర్చుంటే, పక్కనున్న ముసలావిడ నీకేటమ్మా జబ్బు, చూస్తే బానే ఉన్నావు, ఊరికే చూసి పోదామనొచ్చేవా అని ఆరా తీసింది. సత్యవేణి నవ్వలేకపోయింది. పేరు పిలిచారు.

డాక్టరు చీటీ చూస్తూనే, తల ఎత్తకుండా, ఏంటమ్మా ఇబ్బంది అంది.

"భుజం నొప్పండి."

"ఏ భుజం?"

"కుడిదండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాక్కాదండి. మా ఆయనకండి."

డాక్టరు అప్పుడు తలెత్తింది. గుర్తుపట్టింది. వెనకాల వరసలో ఉన్నవాళ్ళని కాస్త ఆగమని చెప్పి తలుపు దగ్గరికి వేయించింది. సత్యవేణి నిలబడే మొత్తం చెప్పింది. ఎనిమిదింటికి చెట్టు మీద మొదలైన నొప్పి, చేతికి తగలని ఉండ, అయిదు గంటలు రుద్దడం, రెండింటికి తగ్గడం, మజ్జిగ. డాక్టరు మధ్యలో ఒక్కసారే అడ్డుపడింది. నొప్పి సరిగ్గా ఎక్కడ చూపించేడని. సత్యవేణి తన కుడి భుజం కొస మీద వేలు పెట్టింది. డాక్టరు కలం కింద పెట్టేసింది.

తర్వాత ఆవిడ చెప్పింది వినడానికి సత్యవేణి కూర్చోవలసి వచ్చింది. పొట్టకి చిల్లు పడితే లోపలి యాసిడ్ బయటికి కారి, పైన ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే పొరకి తగులుతుందట. ఆ పొరకీ భుజానికీ నరం ఒకటేనట. మండేది అక్కడ, నొప్పి పుట్టేది ఇక్కడ. ఆఫీసులో కూర్చునేవాడైతే ఇదేంటి, భుజమెందుకు లాగుతోందని హడలిపోయి వస్తాడు. చెట్లెక్కేవాడికి భుజం లాగడం రోజూ ఉండేదే. ఇంట్లో రుద్దేవాళ్ళుంటారు. ఇన్ని నెలలుగా తను వెతుకుతున్నది ఇదేనేమో అంది డాక్టరు, తనలో తను అనుకుంటున్నట్టు.

"మరి తగ్గిందండి గదా. రుద్దితే తగ్గింది."

"అది మీ చెయ్యి వల్ల కాదమ్మా. ఆ జబ్బుకే ఆ గుణం ఉంది. కొన్ని గంటలకి లోపల నీరు ఊరి యాసిడ్ పలచబడుతుంది. నొప్పి తగ్గినట్టుంటుంది. మీరు రుద్దకపోయినా రెండింటికి తగ్గేది."

సత్యవేణి తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది. నవంబరు నుంచీ తనని తను ఎన్ని తిట్టుకున్నా, ఆఖరి రోజున మనిషికి కాస్త సుఖం ఇచ్చానన్న ఒక్క ముక్క మిగుల్చుకుంది. అదీ పోయింది.

"ఎనిమిదింటికే తీసుకొచ్చేస్తే బతికేవాడాండీ?"

"అలా ఒక్క మనిషి గురించి ఎవరూ చెప్పలేరమ్మా."

"మీరు లెక్కలు రాస్తారు గదండీ. లెక్క చెప్పండి."

డాక్టరు చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దింది. "ఆరు గంటల్లోపు వచ్చినవాళ్ళు పందొమ్మిది మందండి. పద్దెనిమిది మంది ఇంటికెళ్ళేరు. పోయినతనికి ముందు నుంచీ గుండె జబ్బుంది."

"మా ఆయనకి గుండె జబ్బు లేదండి" అంది సత్యవేణి.

డాక్టరు కలం మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఇదంతా వ్యాసంలో రాసుకోవచ్చా, పేరూ ఊరూ ఏదీ ఉండదు, వద్దంటే మానేస్తాను అని అడిగింది. మిగతా ఇళ్ళకి మళ్ళీ వెళ్ళి భుజం గురించి అడగాలనీ, ఇది తేలితే రేపు ఇంకొకరు బతుకుతారనీ చెప్పింది. సత్యవేణి సంతకం పెట్టింది. పెట్టి, అచ్చయ్యాక తనకో కాపీ కావాలంది. ఇంగ్లీషులో ఉంటుందమ్మా అంటే, ఆయ్, మా అమ్మాయి చదువుద్దండి అంది. ఆ మాట అన్నాక గానీ తను ఏం నిర్ణయించుకుందో ఆవిడకి పూర్తిగా తెలియలేదు.

డాక్టరు ఆ నలభై మూడు ఇళ్ళకీ మళ్ళీ తిరిగింది. పదిహేడు ఇళ్ళలో అదే కథ. కుడి భుజం, నూనె, మర్దన, మధ్యాహ్నానికి తగ్గడం. ఎవరూ ముందు చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. వ్యాసం ఫిబ్రవరిలో అచ్చయింది. ఆశా కార్యకర్తలు దింపు ఇళ్ళకొచ్చి, చెట్టెక్కే మనిషికి పొట్టనొప్పీ భుజం నొప్పీ కలిసొస్తే నూనె ముట్టుకోకండి, బండెక్కించండి అని చెప్పడం మొదలెట్టారు. సత్యవేణికి ఎనిమిది పేజీల కాపీ పోస్టులో వచ్చింది. ఆవిడ దాన్ని రెండు వారాలు బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. పొద్దున్న లేవగానే కనపడేది, ఇవాళ కాదులే అనుకునేది.

ఆఖరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, తీసుకొచ్చి కూతురి చేతిలో పెట్టింది. డాక్టరుగారు పంపేరు, ఏం రాసేరో చదివి చెప్పు అంది. వీరాయమ్మ నులక మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. దుర్గ విసుక్కుంటూనే తెరిచింది. ఏడాదికి పైగా ఇంగ్లీషు చదవలేదేమో, మొదట తడబడింది. తర్వాత గాడిలో పడింది. ఒక్కో వాక్యం చదువుకుని తెలుగులో చెబుతోంది. కొబ్బరి చెట్లెక్కేవాళ్ళలో జీర్ణాశయానికి చిల్లు, నలభై మూడు కేసులు, పోయినవాళ్ళు తొమ్మిది. ఈ పట్టిక చూడమ్మా, ఎన్ని గంటలకి వచ్చారో దాన్ని బట్టి విడదీశారు, ఎంత బాగా చేశారో అంది. ఆ పిల్ల గొంతులో పాత చురుకు విని సత్యవేణి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అయిదో పేజీలో ఒక కేసు విడిగా ఉంది.

"నలభై ఆరేళ్ళ మగమనిషి. చెట్టు మీద ఉండగా ఉదయం ఎనిమిదింటికి పొట్ట పైభాగంలో నొప్పి, కుడి భుజం కొసలో నొప్పి. ఇంట్లో రెండూ చెప్పాడు." దుర్గ ఆగింది. మళ్ళీ చదివింది. "భార్య భుజం పట్టేసిందనుకుని అయిదు గంటలు నూనెతో మర్దన చేసింది. మధ్యాహ్నం రెండింటికి నొప్పి తగ్గింది. ఇరవై ఆరు గంటలకి ఆసుపత్రికి తెచ్చారు. మూడో రోజున..." తర్వాతి మాట పైకి చదవలేదు.

"ఇది ఎవరమ్మా?"

సత్యవేణి కూతురి మొహంలోకే చూసింది. "నువ్వు చదివిందే. నాన్న దాచలేదు. నీ పరీక్షల ఊసే రాలేదు ఆవేళ. నాకు చెప్పేడు. నేనే రుద్దుతా కూర్చున్నాను. జూన్‌లో ఆసుపత్రికెళ్ళి డాక్టరుగారికి చెప్పేను."

మంచం మీద వీరాయమ్మ లేచి కూర్చుంది. "నూనె కాచింది నేనే. ఆ మాట పుట్టించింది కూడా నేనేనమ్మా. దాన్ననకు" అంది.

దుర్గ కాగితాలు జాగ్రత్తగా, అంచులు సరిచేసి, చాప మీద పెట్టింది. తిడుతుందనుకున్నారు, ఏడుస్తుందనుకున్నారు. రెండూ చెయ్యలేదు.

"రుద్దినందుకు నేనేమీ అననమ్మా. ఎవరైనా అదే చేసేవారు. ఇందులోనే ఉంది, పదిహేడు మంది చేశారట." అప్పుడు తల్లి వైపు తిరిగింది. "నా వల్ల చచ్చిపోయాడనుకుంటూ నీ పక్కనే పడుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. రోజూ నన్ను చూశావు. డాక్టరుగారికి జూన్‌లో చెప్పావు. నాకు చెప్పడానికి ఫిబ్రవరి కావాల్సొచ్చింది. అది కూడా నా నోటితోనే చదివించావు."

భయమేసిందే అంది సత్యవేణి. దేనికని దుర్గ అడగలేదు.

మర్నాడు దుర్గ రాజోలు వెళ్ళలేదు. అటక ఎక్కి పుస్తకాల కట్ట దింపింది. ఏప్రిల్ పరీక్షలకి దరఖాస్తు పెట్టుకుంది, పాత స్నేహితురాలి గదిలో ఉంటానంది. వారం రోజులూ తల్లి వడ్డిస్తే తింది, అడిగినదానికి సమాధానం చెప్పింది, అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. బయల్దేరే రోజున బస్సు దాకా వస్తానని సత్యవేణి చెప్పులేసుకుంటే, వద్దు, మామ్మ వస్తుందిలే అంది. వీరాయమ్మ కర్ర పట్టుకుని వెళ్ళింది. సత్యవేణి గుమ్మంలోనే నిలబడి, తోటలో వాళ్ళిద్దరి వీపులూ కనపడినంతసేపు చూసింది. కావాలనుకున్నది జరిగింది. పిల్ల మెడ మీద నుంచి ఆ బరువు దిగిపోయింది, చదువుకోడానికి వెళుతోంది. ఆ సంగతి ఆవిడ తనకి తనే నాలుగైదుసార్లు చెప్పుకుంది.

దుర్గ రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తుంది. వీరాయమ్మ బటన్ల ఫోన్‌కి. ముసలిదానికి చెవుడు కాబట్టి శబ్దం పెద్దది పెట్టుకుంటుంది, అరుగంతా వినపడుతుంది. ఆ వేళకి సత్యవేణి ఎక్కడున్నా వచ్చి స్తంభం దగ్గర కూర్చుంటుంది. గదిలో ఉక్కపోత, కూరలో ఉప్పెక్కువ, ఇవాళ ప్రాక్టికల్లో గాజు గొట్టం పగిలింది, అన్నీ అలాగే వింటుంది.

ఏప్రిల్ ఆఖర్లో, చివరి పరీక్ష అయిన సాయంత్రం, ఆ గొంతులో నవ్వు కూడా వినిపించింది. "అన్నీ రాశాను మామ్మా. పాసైపోతాను."

"మా తల్లే. అమ్మకిమ్మంటావా?"

అటువైపు బస్టాండు రొద తప్ప కొంతసేపు ఇంకేమీ వినపడలేదు. తర్వాత, ఉంటాను మామ్మా, బస్సొచ్చేసింది అంది దుర్గ. ఫోన్ ఆగిపోయింది.

వీరాయమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, కోడలి వైపు చూడకుండా, కొంగుతో దాని అద్దం తుడిచింది. "నిన్నడిగిందే. అమ్మెలాగుందీ అని అడిగింది."

సత్యవేణి లేచి, అత్తగారి పక్కనున్న ఖాళీ గ్లాసు తీసింది.

"అబద్ధం చెప్పకండి అత్తయ్యా. అడిగిన్నాడు చెబుదురుగాని" అంది.